గ్రిజ్లీలు తిరిగే చోట షాట్‌గన్‌తో పక్షుల వేట: ఎలుగు బారిన పడకుండా ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

"చేతిలో తుపాకీ ఉండగా ఎలుగుకి భయమెందుకు?" అని చాలామంది అడుగుతారు. ఆ తుపాకీలో ఉన్నవి గ్రౌస్ లాంటి పక్షిని కూల్చే సన్న గుళ్ళు. అవి ఎలుగుని ఆపవు. పైగా మీ రెండు చేతులూ తుపాకీకే సరిపోతాయి, కళ్ళు కుక్క మీద, చెవులు రెక్కల చప్పుడు మీద ఉంటాయి. వేరే ఏ వేటగాడికీ ఇంత ఇబ్బంది లేదు. అందుకే పక్షుల వేటలో జాగ్రత్త అంటే ముఖ్యంగా చేతుల లెక్క: ఏ చేయి దేన్ని పట్టుకోవాలి, ఏది ముందు కదలాలి అన్నది బండి దిగకముందే తేలిపోవాలి.

ఇది అమెరికాలో గ్రిజ్లీ అనే పెద్ద గోధుమ ఎలుగులుండే మోంటానా, వయోమింగ్, ఐడహో, అలాస్కాల్లో కోడి జాతి పక్షులైన గ్రౌస్, ఫెజెంట్, పార్ట్‌రిడ్జ్, టార్మిగన్ వేటకు వెళ్ళేవాళ్ళ కోసం. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్, మెయిన్ రాష్ట్రాల అడవుల్లో ఉండేవి నల్ల ఎలుగులే. అక్కడా ఈ పద్ధతే, కాకపోతే ఎలుగు మీద పడ్డాక చేయవలసింది వేరు. అది 8వ భాగంలో ఉంది.

## 1. వెళ్ళే చోటు గురించి ముందే తెలుసుకోండి

మోంటానాలో గ్రౌస్, పార్ట్‌రిడ్జ్ వేట సెప్టెంబరు 1న మొదలవుతుంది. ఎలుగులు చలికాలం నిద్రకు ముందు కొవ్వు పట్టించుకునే రోజులూ అవే. అప్పుడవి రోజులో దాదాపు 20 గంటలు తిండి వెతుకుతూనే ఉంటాయి. మంచు పడింది కదా, గుహల్లోకి పోయి ఉంటాయిలే అనుకోవద్దు. పెద్ద మగవి నవంబరు చివరిదాకా, కొన్ని డిసెంబరులోనూ బయట తిరుగుతాయి.

కొండల్లోనే ఉంటాయన్నది పాత మాట. రాకీ పర్వతాల తూర్పు అంచు నుంచి గ్రిజ్లీలు గోధుమ పొలాల మధ్య వాగుల వెంట మైదానంలోకి వస్తున్నాయి. 2022 అక్టోబరులో మోంటానాలోని షోటో ఊరికి తూర్పున, కుక్కలతో పక్షుల వేటకు వెళ్ళిన ఒకరి మీద వాగు ఒడ్డున గ్రిజ్లీ పడింది.

పక్షికి నచ్చే పొదే ఎలుగుకీ నచ్చుతుంది. చోక్‌చెర్రీ, బఫెలోబెర్రీ పండ్లు రెండూ తింటాయి. మధ్యాహ్నం ఎండకి ఎలుగు పడుకునేది వాగు పక్క విల్లో గుబురులో, గాలికి అడ్డంగా నాటిన చెట్ల వరుసల్లో. ఫెజెంట్లు దాక్కునేదీ అక్కడే. కాబట్టి తెల్లవారుజామున, సందె వేళ తప్ప ఎలుగు ఉండదన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

రంగు చూసి జాతి తేల్చకండి. గోధుమ రంగు నల్ల ఎలుగులూ ఉన్నాయి. భుజాల మధ్య మూపురం, నుదుటి నుంచి ముక్కు దాకా లోపలికి వంగిన ముఖం, పొట్టి గుండ్రటి చెవులు, పొడవాటి ముందు గోళ్ళు ఉంటే గ్రిజ్లీ.

బయలుదేరే ముందు:

- ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ స్థానిక కార్యాలయానికి ఫోన్ చేసి ఈ మధ్య ఎలుగులు ఎక్కడ కనిపించాయో అడగండి
- పొలం యజమానినీ అడగండి. చచ్చిన పశువుని ఎక్కడ పడేశారో ఆయనకే తెలుసు
- జింక, ఎల్క్ (పెద్ద దుప్పి) వేట మొదలైన తర్వాత వెళుతుంటే, ఆ వేటగాళ్ళు వదిలేసిన పేగుల కుప్పల దగ్గర ఎలుగు ఉంటుందనే అనుకోండి
- ఇద్దరు, ముగ్గురు కలిసి వెళ్ళండి. ఏ వాగు వెంట వెళుతున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి

## 2. స్ప్రే డబ్బా ఎంచుకోవడం

ఎలుగుని ఆపడానికి నమ్ముకోవలసింది దాని ముఖం మీద కారం చిమ్మే బేర్ స్ప్రేని. మనుషుల మీద వాడే పెప్పర్ స్ప్రే ఇక్కడ పనికిరాదు. డబ్బా మీద బేర్ స్ప్రే అని, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ నమోదు సంఖ్య ఉండాలి. ఇంకా చూడవలసినవి:

- కారపు పదార్థం (క్యాప్సైసిన్, దాని సంబంధితాలు) 1 నుంచి 2 శాతం
- బరువు కనీసం 225 గ్రాములు, అంటే 7.9 ఔన్సులు
- కనీసం 25 అడుగుల దూరం చేరేది
- కనీసం 6 సెకన్లు చిమ్మేది
- గడువు తేదీ దాటనిది. సాధారణంగా మూడు నాలుగేళ్ళు ఉంటుంది. ఆ తర్వాత లోపలి వాయువు తగ్గి దూరం చేరదు

మనిషికొక డబ్బా. ఇద్దరికీ కలిపి ఒకటి అంటే, అవసరమైనప్పుడు అది అవతలివాడి దగ్గరే ఉంటుంది. విమానంలో చేతి సంచిలోనూ, లోపల వేసే సామానులోనూ దీన్ని అనుమతించరు. దిగాక కొనుక్కోవాలి.

ఎండలో మూసిన కారులో వదిలేస్తే డబ్బా పేలవచ్చు. 120 డిగ్రీల ఫారన్‌హీట్ దాటనివ్వకండి. గడ్డకట్టే చలిలో చిమ్మే దూరం తగ్గుతుంది. రాత్రి డబ్బాని వెచ్చగా ఉంచి, పొద్దున బయటికి తీసి తగిలించుకోండి.

## 3. డబ్బా ఎక్కడ ఉండాలి

నూటికి తొంభైమంది తప్పు చేసేది ఇక్కడే. డబ్బాని నడుము బెల్టుకి పెట్టుకుంటారు, దాని మీద వేట చొక్కా వేసుకుంటారు. తూటాలు, పక్షులు నింపిన చొక్కా జేబులు కిందికి జారి డబ్బాని కప్పేస్తాయి. అవసరం పడ్డప్పుడు చేతికి తగిలేది గుడ్డ.

డబ్బా చొక్కా పైనే ఉండాలి. ఛాతీ మీద, భుజం పట్టీకి గట్టిగా కుట్టిన ఒరలో పెట్టండి. లేదా చొక్కా మీదుగా వేసుకునే విడి బెల్టుకి తగిలించండి.

ఏ వైపు? కుడిచేత్తో ట్రిగ్గర్ నొక్కేవాళ్ళకి ఎడమ వైపు. కారణం ఇది: తుపాకీ పిడి దగ్గర కుడిచేయి ఉంటే తుపాకీ అదుపులో ఉంటుంది, గొట్టం ఎటు చూస్తోందో మీకు తెలుస్తుంది. ముందు భాగాన్ని మోసే ఎడమచేయిని వదిలేయవచ్చు. కాబట్టి స్ప్రే ఎడమచేతిది. ఎడమచేతివాటం వాళ్ళకి ఇదంతా తిరగేసి.

డబ్బా మీట నొక్కుకుపోకుండా ఆపే సేఫ్టీ క్లిప్ ముళ్ళపొదల్లో ఊడిపోతుంటుంది. ఊడితే మీ గడ్డం కిందే చిమ్ముతుంది. క్లిప్‌ని కప్పి, లాగగానే తెరుచుకునే ఒర తీసుకోండి. ప్రతి పొద దాటాక ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి. క్లిప్‌కి టేపు చుట్టకండి, ఆ క్షణంలో అది రాదు.

## 4. సాధన

గ్రిజ్లీ గంటకు 56 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు, అంటే సెకనుకి 15 మీటర్ల పైన. 30 మీటర్ల దూరంలో పొద కదిలితే మీ దగ్గర ఉన్నది రెండు సెకన్లు. అంత తక్కువ సమయంలో ఆలోచన పనిచేయదు, అలవాటే పనిచేయాలి.

కారం లేకుండా వాయువు మాత్రమే ఉండే సాధన డబ్బాలు దొరుకుతాయి. ఒకటి కొనండి. తుపాకీ ఖాళీ చేసి, తెరిచి చూసి, పక్కవాళ్ళతో కూడా చూపించి, అప్పుడు మొదలుపెట్టండి.

1. పక్షి కోసం నడిచేటప్పుడు తుపాకీ ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకుని నడవండి.
2. తోడున్నవాళ్ళు ఏదో ఒక క్షణంలో "ఎలుగు!" అని అరవాలి.
3. వేలు ట్రిగ్గర్ నుంచి బయటికి. తుపాకీ సేఫ్టీ వేయండి. గొట్టం పక్కకి, నేల వైపు, కుక్కకీ మనిషికీ దూరంగా తిప్పండి.
4. ఎడమచేయి ఒర మీదికి. డబ్బా బయటికి.
5. బొటనవేలితో క్లిప్‌ని వెనక్కి లాగండి.
6. చేయి చాచి, డబ్బా నోరు కొంచెం కిందికి వంచి నొక్కండి. డబ్బా పైకి ఎగదన్నుతుంది, గట్టిగా పట్టుకోండి.

చేతి తొడుగులు వేసుకుని కూడా చేయండి. తొడుగు మందమైతే క్లిప్ దొరకదు, ఆ సంగతి ఇంటి పెరట్లోనే తెలియాలి. 3 నుంచి 6 వరకు రెండు సెకన్లలో అయ్యేదాకా వదలకండి. కొన్ని ఒరల్లోంచి డబ్బా తీయకుండానే చిమ్మవచ్చు. అలాంటిది ఉంటే ఆ పద్ధతీ సాధన చేయండి.

తెరలు తెరలుగా వచ్చే ఆ పొగ గాలికి ఎటు పోతుందో సాధన డబ్బాతో కళ్ళారా చూడండి. పక్కగాలికి కొంచెం గాలి వచ్చే వైపు గురి పెట్టాలని అప్పుడే అర్థమవుతుంది.

## 5. తుపాకీ, తూటాలు

పక్షులకి వాడే 7½, 6 నంబరు సన్న గుళ్ళు ఎలుగు చర్మం, కొవ్వు, కండ దాటి ప్రాణస్థానానికి చేరవు. గాయపడిన ఎలుగు మరింత ప్రమాదం. గాలిలోకి హెచ్చరికగా కాల్చడం కూడా నమ్మదగిన పని కాదు: రెండు తూటాల తుపాకీలో సగం అయిపోతుంది, వేట జరిగే చోట తుపాకీ చప్పుడు ఎలుగుకి కొత్తేమీ కాదు.

స్లగ్‌లు, అంటే సన్న గుళ్ళకి బదులు ఒకే పెద్ద గుండు ఉండే తూటాలు, తీసుకెళ్ళవచ్చు. కానీ వాటి స్థానం ఏమిటో తెలిసి ఉండాలి. రెండు గొట్టాల తుపాకీని తెరిచి, ఉన్నవి తీసి, రెండు స్లగ్‌లు వేసి మూసేసరికి బాగా సాధన ఉన్నవాళ్ళకైనా నాలుగు సెకన్లు పడుతుంది. ఈలోపు ఎలుగు 60 మీటర్లు వచ్చేస్తుంది. కాబట్టి ఉన్నట్టుండి మీదికొచ్చే ఎలుగుకి స్లగ్ సమాధానం కాదు. ఎలుగు దూరంగా నిలబడి కదలనప్పుడు, వెనక్కి తగ్గే దారిలో, గాయపడిన తోడుని కాపలా కాసేటప్పుడు పనికొస్తుంది.

స్లగ్ తీసుకెళ్ళాలంటే:

- మీ గొట్టం చోక్, అంటే మూతి ఎంత ఇరుకుగా ఉందో, చూడండి. ఇరుకు లేని సిలిండర్, కొద్దిగా ఇరుకైన ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో మామూలు గాడుల స్లగ్ వాడవచ్చు. బాగా ఇరుకైన ఫుల్ చోక్‌లో వద్దు. ప్లాస్టిక్ తొడుగులో ఉండే సాబో స్లగ్ లోపల గాడులున్న గొట్టానికే
- 10, 20 మీటర్ల దగ్గర కాగితం మీద కాల్చి చూడండి. పక్షుల తుపాకులు చాలావరకు గురి కంటే పైకి కొడతాయి, రెండు గొట్టాలూ ఒకేచోట కొట్టకపోవచ్చు
- స్లగ్‌లకి ఛాతీ మీద విడి పట్టీ. పక్షుల తూటాలున్న జేబులో ఒక్కటి కూడా ఉండకూడదు

ఒక గొట్టంలో గుళ్ళు, రెండోదాంట్లో స్లగ్ వేసుకుని తిరిగేవాళ్ళున్నారు. చేయకండి. ఎగిరిన పక్షి మీద రెండో దెబ్బ వేయడం అలవాటుగా జరిగిపోతుంది, ఆ స్లగ్ అర మైలు దాటి ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు.

బాతులు, వలస పక్షుల వేటలో తుపాకీలో మొత్తం మూడు తూటాలే పట్టాలన్నది ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిబంధన. ఎలుగు భయం అని చెప్పి, ఎక్కువ తూటాలు పట్టకుండా అడ్డుపెట్టే ప్లగ్ తీయడం కుదరదు. బాతుల వేటలో సీసం గుళ్ళు దగ్గర ఉంచుకోవడమే నిషేధం కాబట్టి, సీసం స్లగ్‌లు తీసుకెళ్ళే ముందు ఆ ప్రాంతంలో వేట నిబంధనలు చూసే అధికారి గేమ్ వార్డెన్‌ని అడగండి.

ఇక స్ప్రేనా, తుపాకీనా? అలాస్కా సంఘటనల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో గ్రిజ్లీ జాతి ఎలుగుల మీద స్ప్రే 92 శాతం సార్లు పనిచేసింది, స్ప్రే దగ్గర ఉన్నవాళ్ళలో 98 శాతం మందికి గాయాలు కాలేదు. ముందు స్ప్రే. కానీ ఎలుగు మీద పడిపోయి, చేతిలో తుపాకీ తప్ప ఏదీ అందని స్థితిలో ఉన్నదే వాడాలి. దాన్ని ముందస్తు పథకం మాత్రం చేసుకోకండి.

## 6. కుక్క

అదుపు లేని కుక్క ఎలుగుని కెలికి, భయపడి, నేరుగా మీ కాళ్ళ దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. వెనకే ఎలుగు. అందుకని ఒక్క ఈలకి తిరిగొచ్చే కుక్కనే ఈ ప్రాంతాలకి తీసుకురండి.

గుబురులో కుక్కని షాట్‌గన్ దూరంలోనే, అంటే 30 గజాల లోపు పని చేయించండి. మైదానంలో 200 గజాలు తిరిగే పాయింటర్ జాతి కుక్కని కూడా వాగు పొదల్లో దగ్గరికి తెచ్చుకోవాలి. మెడ గంట, జీపీఎస్ పట్టీ కుక్క ఎక్కడుందో మీకు చెప్పడానికే. గంట చప్పుడు ఎలుగుని తరిమేస్తుందని నమ్మకండి.

కుక్క గుర్తులు చదవడం నేర్చుకోండి. పక్షి మీద పాయింట్ పట్టినప్పుడు, అంటే అది ఉన్న చోటు చూపిస్తూ ఆగినప్పుడు, ఒళ్ళంతా బిగుసుకుని ముందుకి వంగుతుంది. ఎలుగు వాసన తగిలితే మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, గుర్రుమంటుంది, తోక కిందికి దిగుతుంది, లేదా పని మానేసి మీ కాళ్ళ చుట్టూ తిరుగుతుంది. ఎప్పుడూ మొరగని కుక్క పొదలో మొరిగితే వెంటనే ఈల వేయండి. కుక్క దగ్గరికి మీరు వెళ్ళకండి, దాన్నే రప్పించి గొలుసు వేయండి.

## 7. పొదలోకి దిగే క్రమం

కుక్కకి వాసన అందాలని గాలికి ఎదురుగా నడుస్తాం. దాని ఫలితం మూడు రకాలు: ముందున్న ఎలుగుకి మన వాసన అందదు, మన మాట సరిగా వినపడదు, స్ప్రే కొడితే మన ముఖం మీదికే వస్తుంది. గాలికి ఎదురు నడక మానమని చెప్పలేం, మానితే కుక్క ఎందుకు? కానీ ఆ దిశలో నడిచేటప్పుడు గొంతు రెట్టింపు చేయాలి.

1. పొద బయట ఆగండి. ఒక నిమిషం చూడండి. రావెన్ కాకులు, మాగ్‌పైలు ఒకేచోట గుమిగూడి ఉన్నాయా? కుళ్ళు వాసన ఉందా? ఉంటే కళేబరం ఉంది, వెనక్కి తిరగండి. మట్టి, ఆకులు కప్పిన గుట్ట కనిపించినా అంతే, అది ఎలుగు దాచుకున్న తిండి.
2. నేల చూడండి. పండ్ల గింజలతో నిండిన తాజా పెంట, తవ్విన మట్టి, విరిగిన చోక్‌చెర్రీ కొమ్మలు, గోటి గుర్తులున్న అడుగులు. తడి ఆరనివైతే ఆ పొద వదిలేయండి.
3. గట్టిగా మాట్లాడండి, చప్పట్లు కొట్టండి. పక్షులు లేచిపోతాయని భయపడితే, కొన్ని లేస్తాయి నిజమే.
4. ముందు అంచు వెంట నడిచి, కుక్కని లోపలికి పంపి బయటికి రప్పించండి.
5. లోపలికి వెళ్ళక తప్పకపోతే ఇద్దరూ ఒకరికొకరు కనపడేంత దూరంలో, వరుసగా మాట్లాడుకుంటూ వెళ్ళండి. వెనక్కి వచ్చే దారి ముందే అనుకోండి.
6. కూలిన పక్షి దట్టమైన గుబురులో పడితే కుక్కే తేవాలి. కుక్క వెళ్ళనంటే ఆ పక్షి మీది కాదనుకోండి.

పొద అంచున గబగబా సరిచూసుకోవలసినవి: క్లిప్ ఉందా, గాలి ఎటు, తోడు ఎక్కడ, కుక్క ఎక్కడ.

## 8. ఎలుగు ఎదురుపడితే

దూరంగా ఉంది, మిమ్మల్ని చూడలేదు. కుక్కని రప్పించి గొలుసు వేసి, వచ్చిన దారినే వెళ్ళిపోండి. ఫోటోలు వద్దు.

చూసింది, నిలబడింది. పరుగెత్తవద్దు. స్ప్రే చేతిలోకి, క్లిప్ తీయండి. మెల్లగా మాట్లాడుతూ పక్కకి, వెనక్కి జరగండి. రెండు కాళ్ళ మీద లేచి నిలబడితే అది చూసుకోవడానికే, దాడికి కాదు. పిల్లలు కనిపిస్తే తల్లికీ వాటికీ మధ్య ఉండకండి. వేటాడిన పక్షుల్ని విసిరి మరిపించాలని చూడకండి.

మీదికి వస్తోంది. 30 నుంచి 60 అడుగుల మధ్య ఉన్నప్పుడు చిమ్మడం మొదలుపెట్టండి. దాని ముఖం ముందు, కొంచెం కిందికి. మొదటిసారి రెండు సెకన్లు. తిరగకపోతే మళ్ళీ, నేరుగా ముఖంలోకి. ఎదురుగాలి ఉంటే ఇంకొంచెం దగ్గరికి రానిచ్చి కొట్టండి, కానీ కొట్టడం మానకండి. పైన చెప్పిన అధ్యయనంలో గాలి అడ్డుపడిన ప్రతి సంఘటనలోనూ స్ప్రే ఎలుగుని చేరింది.

తాకింది, గ్రిజ్లీ. బోర్లా పడుకోండి. చేతులు మెడ వెనక పెనవేసి, మోచేతులతో ముఖం కాచుకుని, తిప్పలేకుండా కాళ్ళు ఎడంగా చాచండి. వీపు సంచి, చొక్కా విప్పవద్దు. అది దూరం పోయిందని తేలేదాకా కదలవద్దు, తొందరపడి లేస్తే తిరిగొస్తుంది.

తాకింది, నల్ల ఎలుగు. చచ్చినట్టు పడుకోవద్దు. ముక్కు, కళ్ళు చూసి దొరికినదానితో కొట్టండి. ఏ జాతైనా సరే, వెంటాడుతూ వచ్చినా, రాత్రి గుడారంలోకి దూరినా ఇదే పని.

## 9. పక్షుల్ని ఉంచడం

పొట్ట తీసే పని గుడారానికి, బండికి దూరంగా, చుట్టూ కనిపించే బయలు ప్రదేశంలో చేయండి. ఒకరు కోస్తుంటే ఒకరు నిలబడి చూడాలి. పేగులు, ఈకలు వదిలేయకుండా సంచిలో కట్టి తీసుకెళ్ళండి.

పక్షులు, కుక్క తిండి, రక్తం అంటిన చొక్కా మూసిన బండిలోనో, ఎలుగు తెరవలేని పెట్టెలోనో ఉండాలి. పికప్ వెనక తొట్టిలో ఐస్‌పెట్టె పెట్టడం అంటే విస్తరి వేసినట్టే. బండి దగ్గర లేకపోతే గుడారానికి 100 గజాల దూరంలో, నేల నుంచి 10 అడుగుల ఎత్తున, మాను నుంచి 4 అడుగుల ఎడంగా వేలాడదీయండి. రవాణాకి వలస పక్షుల్లో చాలావాటికి ఈకలున్న రెక్కో తలో ఉంచాలి. మిగతా వాటికి ఆ రాష్ట్రం నిబంధన చూసుకోండి.

స్ప్రేని గుడారం చుట్టూ, సామాను మీద చల్లకండి. ఎండిపోయిన ఆ కారపు వాసన ఎలుగుని పిలుస్తుంది.

## 10. జరిగిపోయాక

స్ప్రే పనిచేస్తే ఎలుగు వెళ్ళిన దిశకి వ్యతిరేకంగా వెళ్ళిపోండి. మీ కళ్ళలో పడితే రుద్దకుండా చల్లటి నీళ్ళతో కడగండి, కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయండి. కుక్కకి ముందు కళ్ళు నీళ్ళతో, తర్వాత ఒళ్ళు గిన్నెలు తోమే సబ్బుతో. ఒకసారి వాడిన డబ్బా మీద ఆధారపడకండి, పక్కన పెట్టి కొత్తది తీసుకోండి.

గాయమైతే ముందు రక్తం ఆపాలి. బిగించి కట్టే పట్టీ (టోర్నికే) ఒకటి, ఒత్తిడి కట్టు రెండు, రక్తం గడ్డకట్టించే గాజ్ గుడ్డ ఒకటి ఛాతీ జేబులో ఉండాలి, బండిలో కాదు. ఫోన్ సిగ్నల్ ఉండని చోట్లే ఎక్కువ కాబట్టి ఉపగ్రహ సందేశ పరికరం తీసుకెళ్ళండి, ఎలా నొక్కాలో తోడుకి కూడా నేర్పండి.

ఎలుగుని కాల్చవలసి వస్తే దాన్ని వెతుక్కుంటూ పొదలోకి వెళ్ళకండి. అలాస్కా కాని రాష్ట్రాల్లో గ్రిజ్లీ 1975 నుంచి ఫెడరల్ రక్షణలో ఉంది. తన ప్రాణం, పక్క మనిషి ప్రాణం కాపాడుకోవడానికి తప్ప చంపకూడదు. కుక్కని కాపాడుకోవడానికి అన్న మాట ఆ మినహాయింపులో లేదు. ఏదీ కదపకుండా, ఖాళీ తూటాలు ఏరకుండా, వెంటనే 911కి, రాష్ట్ర వన్యప్రాణి శాఖకి చెప్పండి. అలాస్కాలో ఆత్మరక్షణకి చంపిన ఎలుగు చర్మాన్ని గోళ్ళతో సహా, పుర్రెతో పాటు రాష్ట్రానికి అప్పగించాలి, 15 రోజుల్లోగా నివేదిక ఇవ్వాలి.